పుట్టిన తేదీకి 840 నొక్కులు

మా బాబాయి కావలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పుట్టింది 1955లో. ఆ మధ్య ఒక ఆఫీసు సైటులో ఏదో దరఖాస్తు నింపబోతే పుట్టిన తేదీ దగ్గర చిక్కుకుపోయాడు. గడి మీద వేలు పెట్టగానే క్యాలెండర్ తెరుచుకుంది. అదీ ఈ నెల క్యాలెండర్. ఎడమ పక్కన చిన్న బాణం గుర్తు. ఒకసారి నొక్కితే ఒక నెల వెనక్కి వెళ్తుంది. డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లాలి, ఏడాదికి పన్నెండు నెలలు. టైపు చేద్దామంటే గడి ఒప్పుకోదు. ఆయన ఓపిగ్గా నొక్కుకుంటూ 2009 దాకా వెళ్లాడట. అప్పుడు క్యాలెండర్ బయట ఎక్కడో వేలు తగిలి అది కాస్తా మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే మళ్లీ ఈ నెలే. ఫారం వదిలేసి నాకు ఫోన్ చేశాడు.

"నువ్వు చేసే ఉద్యోగం ఇలాంటివి తయారుచేయడమేనా అమ్మాయ్?"

అవును, ఇలాంటివి తయారుచేయడమే. సైటులో జనం కంటికి కనిపించేది, చేతికి తగిలేది అంతా మా పని. ఫ్రంటెండ్ అంటారు. హైదరాబాద్‌లో పదిహేనేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి జవాబు నా దగ్గరుంది. "పైన సంవత్సరం అంకె కనిపిస్తోంది కదా బాబాయ్, దాని మీద నొక్కితే సంవత్సరాల జాబితా వస్తుంది" అన్నాను. "అది నొక్కేదని ఎక్కడ రాసుంది?" అన్నాడు. ఎక్కడా రాసిలేదు. చూడ్డానికి అది శీర్షికలా ఉంటుంది తప్ప బటన్‌లా ఉండదు. ఈ రహస్యం తెలిసినవాళ్లు ఊరికి నలుగురుంటారు, వాళ్లు నెట్ సెంటర్లలో కూర్చుని ఫారానికింతని తీసుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. వాళ్ల గిరాకీలో కొంత మా డిజైనర్ల పుణ్యమే.

క్యాలెండర్ చెడ్డ వస్తువని కాదు. బస్సు టికెట్టు తీసుకునేటప్పుడు వచ్చే శుక్రవారం ఎన్నో తారీఖో చూసుకోవాలి, అక్కడ అది కావాలి. పుట్టిన తేదీని మాత్రం ఎవరూ క్యాలెండర్‌లో వెతుక్కోరు. అది మనిషికి నోటికొచ్చి ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వ సైటు గవ్ డాట్ యూకే వాళ్లు ఈ విషయం ఎప్పుడో తేల్చేశారు. మనిషికి ముందే తెలిసిన తేదీ అడుగుతున్నప్పుడు మూడు మామూలు గడులు ఇవ్వండి, రోజు, నెల, సంవత్సరం, అంతే అని వాళ్ల డిజైన్ నియమాల్లో రాసుకున్నారు. ఆ గడులకు 'ఇక్కడ అంకెలే వస్తాయి' అని ఒక్క మాట చేర్చితే ఫోన్ తనంతట తానే పెద్ద అంకెల కీబోర్డు తెరుస్తుంది. 'ఇది పుట్టిన తేదీ' అని ఇంకో మాట చేర్చితే, ఫోన్‌లో ముందే దాచుకున్న తేదీ ఉంటే దాన్ని బ్రౌజరే నింపిపెడుతుంది. ఎనిమిది వందల నలభై నొక్కుల పని ఎనిమిది అంకెలకు దిగుతుంది. దీనికి పూట పని చాలు.

మరి ఎందుకు చేయరు? క్యాలెండర్ ముద్దుగా ఉంటుంది. క్లయింటుకు చూపించే రోజున తెర మీద మెత్తగా తెరుచుకుంటుంది, అందరూ బాగుందంటారు. మూడు తెల్లటి గడులు చూపిస్తే "దీనికేనా ఇంత డబ్బు?" అంటారు. పైగా ఆ క్యాలెండర్‌ను మా వాళ్లు రాయరు, ఎవరో రాసి ఉచితంగా పెట్టినదాన్ని తెచ్చి అతికిస్తారు. దాంతో పాటు అది ఆధారపడే సామాన్లన్నీ వెంట వస్తాయి. మీ ఫోన్ వాటన్నిటినీ దించుకోవాలి, చదవాలి, నడపాలి. మీ డేటాతోనే.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1991లో టిమ్ బెర్నర్స్ లీ పెట్టిన మొదటి వెబ్ పేజీలో అక్షరాలు, లింకులు మాత్రమే ఉండేవి. ఆ పేజీని ఇవాళ్టి ఫోన్‌లో తెరిచినా చక్కగా తెరుచుకుంటుంది. రంగులు, అమరికలు పేజీకి విడిగా రాసుకునే పద్ధతి, అంటే సీఎస్‌ఎస్, 1994లో హోకోన్ వీయం లీ ప్రతిపాదించాడు. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ రాశాడు. ఆ పది రోజుల పని మీద ప్రపంచం ఎంత మేడ కట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బ్రౌజర్లు ఒకదానితో ఒకటి పొసగని రోజుల్లో, 2006లో, జేక్వెరీ వచ్చి మా ప్రాణాలు నిలబెట్టింది. 2013లో ఫేస్‌బుక్ రియాక్ట్‌ను బయటపెట్టింది. అప్పట్లో అవి కావలసినవే. పేజీని మూడు నిలువు వరుసలుగా పేర్చాలన్నా, మీద ఒక చిన్న పెట్టె తెరవాలన్నా బ్రౌజర్‌కు చేతకాదు, మేమే వందల లైన్లు రాసి దానితో చేయించేవాళ్లం.

ఇప్పుడు చేతనవును. జనానికి తెలియని సంగతి, మా రంగంలో చాలామంది తెలిసీ పట్టించుకోని సంగతి ఇదే. 2017లో గ్రిడ్ వచ్చాక పేజీని గళ్లుగా పేర్చడానికి పాట్లు పోయాయి. 2022 మార్చి నాటికి డైలాగ్ పెట్టె అన్ని ముఖ్యమైన బ్రౌజర్లలోకీ వచ్చేసింది. పెట్టె తెరిస్తే వెనక పేజీ మీద వేలు పనిచేయకుండా ఆపడం, ఎస్కేప్ నొక్కితే మూసుకోవడం, మూశాక ఇంతకుముందు ఉన్న చోటికే తిరిగి రావడం, అన్నీ అదే చూసుకుంటుంది. 2023 ఫిబ్రవరికి కంటెయినర్ క్వెరీలు క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ నడిచాయి. ఇది పత్రికలో పనిచేసేవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. ఒకే వార్త ఒక కాలమ్‌లో పడితే ఒకలా, నాలుగు కాలమ్‌లలో పడితే ఇంకోలా సబ్ ఎడిటర్ అమరుస్తారు. ఆయన చూసేది ఆ వార్తకు దొరికిన చోటు. మేమేమో ఇన్నాళ్లూ మొత్తం పేపరు సైజు చూసి ప్రతి వార్తకూ కొలత వేశాం. 2010లో ఈథన్ మార్కాట్ 'రెస్పాన్సివ్' అని పేరు పెట్టిన పద్ధతి అదే, ఫోన్ల కాలానికి అది పెద్ద మేలు చేసింది కూడా. ఇప్పుడు పేజీలోని ప్రతి ముక్కా తనకు దొరికిన చోటు తానే చూసుకుని సర్దుకోగలదు. ఒక్క లైను జావాస్క్రిప్ట్ లేకుండా.

అంటే ఫ్రంటెండ్‌లో నిజంగా ఆధునికమైనది ఇవాళ తక్కువ రాయడం. కానీ అమీర్‌పేటలో బోర్డులు చూడండి. రియాక్ట్, యాంగ్యులర్, ఫుల్ స్టాక్. 'హెచ్‌టీఎంఎల్ ఫారాలు సరిగ్గా రాయడం నేర్పబడును' అని బోర్డు పెడితే ఒక్కడు చేరడు. ఆ కుర్రాళ్లను నేననను, ఇంటర్వ్యూలో అడిగేది రియాక్టే. అడిగేది మేమే. నేను ఇంటర్వ్యూ చేసిన ఒక అమ్మాయి, మంచి తెలివైన పిల్ల, రియాక్ట్‌లో ఏది అడిగినా చెప్పింది. పేరు గడి పక్కన రాసే 'పేరు' అన్న మాటనూ ఆ గడినీ ఎలా ముడివేస్తావని అడిగితే, "అది కాంపొనెంట్ లైబ్రరీ చూసుకుంటుంది కదా మేడమ్" అంది. ఇప్పుడు ఏఐతో కోడు రాయించే రోజులొచ్చాయి. అది నేర్చుకున్నదీ మేం రాసిపడేసిన పేజీలనుంచే కాబట్టి, అడక్కుండా వదిలేస్తే మా అలవాట్లే రెట్టించి ఇస్తుంది.

ఈ బరువు ఎవరి మీద పడుతోందన్నదే నా బాధ. సగటు పేజీ బరువు ఫోన్‌లో కూడా రెండు ఎంబీ దాటింది. మాదాపూర్ ఆఫీసులో, ఫైబర్ కనెక్షన్ మీద, లక్ష రూపాయల లాప్‌టాప్‌లో అది కనురెప్ప పాటు. అదే పేజీని పదివేల ఫోన్‌లో, పల్లెవెలుగు బస్సులో తెరవండి. దించుకోవడం ఒక ఆలస్యం, దించుకున్న జావాస్క్రిప్ట్‌ను ఆ చిన్న ప్రాసెసర్ నమలడం ఇంకో ఆలస్యం. రెండోదాన్ని మా వాళ్లు లెక్కలోకే తీసుకోరు, ఎందుకంటే వాళ్ల దగ్గర అది జరగదు. గూగుల్ పెట్టిన కొలతలున్నాయి: పేజీలో ముఖ్యమైన ముక్క రెండున్నర సెకన్లలో కనిపించాలి, వేలు పెట్టాక సెకనులో ఐదో వంతులోపు స్పందించాలి, చదువుతుండగా పేజీ ఎగరకూడదు. ఈ మూడోది మీకందరికీ అనుభవమే. 'వద్దు' నొక్కబోతుంటే పైన ఎక్కడో బొమ్మ ఆలస్యంగా దిగి, పేజీ కిందకి జరిగి, వేలు 'సరే' మీద పడుతుంది. మందు చాలా చిన్నది. బొమ్మ వెడల్పూ ఎత్తూ ముందే కోడులో రాస్తే బ్రౌజర్ అంత చోటు వదిలిపెట్టి కూర్చుంటుంది. రెండు అంకెలు.

బ్రిటన్ వాళ్ల ఉదాహరణే ఇంకొకటి. 2013లో వాళ్లు తమ సైటులో ఒక లెక్క తీశారు. వచ్చేవాళ్లలో 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ పనిచేయడం లేదు. అందులో కావాలని ఆపుకున్నవాళ్లు 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మందికి సిగ్నల్ పోయిందో, ఆఫీసు నెట్‌వర్క్ అడ్డుకుందో, దారిలో ఫైలు తెగిందో, మొత్తానికి అందలేదు. ఒక శాతమేగా అనకండి. కోటిమంది తెరిచే సైటులో ఒక శాతం అంటే లక్షమంది. అందుకే అక్కడ ఫారం ముందు మామూలు హెచ్‌టీఎంఎల్‌తో నడవాలి, జావాస్క్రిప్ట్ వస్తే ఇంకాస్త సుఖంగా నడవాలి, రాకపోయినా ఆగకూడదు. 2022లో వాళ్లు జేక్వెరీని కూడా పూర్తిగా పీకేశారు. తగ్గింది 32 కేబీ మాత్రమే. ఆ మాత్రానికే నెమ్మది కనెక్షన్ల మీద తేడా కొలతలతో సహా చూపించారు. మన దగ్గర సైటు హోంపేజీలో నాయకుడి ఫొటో ఒక్కటే అంతకన్నా ఎన్నో రెట్లు తూగుతుంది.

తెలుగు సంగతికొస్తే కథ వేరు. డిజైన్ గీసేది ఇంగ్లీషులో. 'సబ్మిట్' అని ఆరక్షరాలకు సరిపడా బటన్ గీస్తారు, నలభై పిక్సెళ్ల ఎత్తని కొలత బిగిస్తారు, పని అంతా అయిపోయాక చివర్లో తెలుగు తెచ్చి అందులో పోస్తారు. ఇంగ్లీషు అక్షరం కింద 'జీ', 'వై'లకు తోక ఉంటే గొప్ప. మనకు కింద వత్తులు, పైన గుడులు, కొమ్ములు పక్కకి. ఇంగ్లీషుకు సరిపోయే లైను ఎత్తులో తెలుగు పెడితే పై లైను వత్తు కింది లైను గుడిని ఢీకొంటుంది. గడి ఎత్తు బిగించి ఉంటే వత్తు సగానికి తెగుతుంది. 'దరఖాస్తు' కాస్తా 'దరఖాసు'లా కనిపించిన బటన్లు నేను చూశాను. మందు ఇక్కడా కష్టమేం కాదు. ఎత్తు బిగించొద్దు, అక్షరాన్ని బట్టి పెరగనివ్వాలి. పేజీ తెలుగులో ఉన్నప్పుడు లైను ఎత్తు పెంచమని సీఎస్‌ఎస్‌లో ఒక్క నియమం రాయాలి. ఆ నియమం పనిచేయాలంటే ఈ పేజీ భాష తెలుగు అని పైన చెప్పి ఉండాలి. చాలా తెలుగు పేజీల్లో కూడా అక్కడ ఇంగ్లీషు అనే ఉంటుంది, ఎందుకంటే పాత పేజీనుంచి కాపీ కొట్టారు. దాని ఫలితం కంటికి కనపడదు, చెవికి తెలుస్తుంది. చూపులేనివాళ్లకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ మాట నమ్మి తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది.

పేర్ల దగ్గర ఇంకా ఘోరం. 'లక్ష్మి' మనకు రెండక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఒక్కోటీ యూటీఎఫ్ 8లో మూడు బైట్లు. 'వెంకట సుబ్బలక్ష్మి' ఇంగ్లీషులో ఇరవై బైట్లు, తెలుగులో 52. గడిని యాభై బైట్లకు బిగిస్తే ఆవిడ పేరు చివర గుడి పట్టదు, సుబ్బలక్ష్మ అయి కూర్చుంటుంది. ఇదంతా వెనక కూర్చునే బ్యాకెండ్ వాళ్ల ఖాతాలో వేసి తప్పించుకోవచ్చు కానీ ముందు గుమ్మంలో మా వాళ్లు చేసేదీ తక్కువేం కాదు. 'పేరులో అక్షరాలే ఉండాలి' అని తనిఖీ రాస్తారు. ఏ నుంచి జెడ్ దాకా అని రాసేవాళ్లు పాతకాలం వాళ్లు. కొత్తవాళ్లు తెలివిగా 'ఏ భాష అక్షరమైనా సరే' అని రాస్తారు. యూనికోడ్ లెక్కలో పొల్లు, గుడి, కొమ్ము అక్షరాలు కావు, గుర్తులు. దాంతో ల, క లోపలికి వెళ్తాయి, పొల్లు దగ్గర ఫారం ఎర్రగా మండిపడుతుంది: 'ప్రత్యేక గుర్తులు అనుమతించబడవు'. తన పేరు తాను సరిగ్గా రాసుకున్న మనిషికి ఆ జవాబు! తనిఖీలో గుర్తుల్ని కూడా చేర్చితే సరి. మనిషి లెక్కలో అక్షరాలు ఎన్నో చెప్పే సదుపాయం కూడా బ్రౌజర్లలోనే ఉంది, సెగ్మెంటర్ అంటారు, కొత్త బ్రౌజర్లలో లక్ష్మిని రెండుగానే లెక్కపెడుతుంది.

పెద్ద కంపెనీలూ ఇందులో తప్పటడుగులేశాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక కోడుతో కలిసి వస్తే, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ప్రపంచమంతా నవ్వుకుంది. మనవాళ్లూ నవ్వారు, మీమ్‌లు వేశారు. మన అక్షరాలతో ఆ ఫోన్‌ను ముందే గట్టిగా పరీక్షించి ఉంటే ఆ అప్‌డేట్ అవసరమే ఉండేది కాదు.

ఫాంట్లకు మాత్రం ఒకప్పటి కరువు లేదు. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సురన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. శీర్షికలకు రామభద్ర పెడితే ఎంత నిండుగా ఉంటుందో. కాకపోతే వత్తులూ గుణింతాలూ కలిపి తెలుగు ఫాంటులో బొమ్మలెక్కువ, ఫైలు కూడా బరువే. కాబట్టి దరఖాస్తు ఫారంలో ఫోన్‌లో ముందే ఉన్న తెలుగు ఫాంటుతో సరిపెట్టడమే నయం అంటాను. అందం పత్రికల సైట్లకు, పుస్తకాల సైట్లకు ఉంచండి.

చూపులేనివాళ్ల మాట ఎత్తాను కదా. అది దయ కాదిప్పుడు, చట్టం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెళ్లి, డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని తీర్పిచ్చింది. ఆ కేసులో యాసిడ్ దాడి బాధితులున్నారు. ఈకేవైసీ కెమెరా ముందు రెప్పలు ఆర్పమంటుంది, ఆ దాడిలో కళ్లు పాడైనవాళ్లు రెప్పలెలా ఆర్పుతారు? ఆ స్క్రీన్ గీసినవాళ్లకు, కోడు రాసినవాళ్లకు, పరీక్షించినవాళ్లకు ఒక్కరికీ ఈ ప్రశ్న తోచలేదు. మా దగ్గర రోజూ జరిగేది ఇంతకన్నా చిన్నదే, కానీ అదే జాతిది. బటన్ అనే ట్యాగు హెచ్‌టీఎంఎల్‌లో పాతికేళ్లకు పైగా ఉంది. దాన్ని వాడితే కీబోర్డుతో నొక్కొచ్చు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ 'బటన్' అని చెబుతుంది. మా వాళ్లు డివ్ అనే ఖాళీ పెట్టెకు రంగు పూసి బటన్‌లా నిలబెడతారు. కళ్లున్నవాడికి తేడా తెలియదు. లేనివాడికి అక్కడ బటనే లేదు. ఇక తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాల ఫ్యాషన్. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ప్రమాణం చెబుతోంది. ఎండలో నిలబడి ఓటీపీ చూసుకునే ఎవరిని అడిగినా ఆ ప్రమాణం ఎందుకో చెబుతారు.

డెడ్‌లైన్లుంటాయి, క్లయింట్ చెప్పినట్టు చేయాలి, మేమేం చేస్తామని మా వాళ్లంటారు. నిజమే, సగం. క్లయింట్ క్యాలెండరే కావాలని ఎప్పుడూ అడగడు. పుట్టిన తేదీ తీసుకోమంటాడు. ఎలా తీసుకోవాలన్నది మా చేతిలో పని.

ప్రభుత్వ సైట్లకు జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. కొత్తగా కమిటీ వేయనక్కర్లేదు. టెండరు పిలిచే అధికారులకు నా విన్నపం ఒకటే. సైటు తయారైందని కంపెనీ వాళ్లు లాప్‌టాప్ పట్టుకుని వచ్చినప్పుడు ఆ లాప్‌టాప్ మూయించండి. మీ ఆఫీసు అటెండర్ ఫోన్ తెప్పించండి, వైఫై తీసేయండి. 1955లో పుట్టిన వెంకట సుబ్బలక్ష్మి పేరు మీద తెలుగులో ఒక దరఖాస్తు మొదటినుంచి చివరిదాకా ఆ కంపెనీ వాళ్ల చేతే నింపించండి. తర్వాత మౌస్ ముట్టుకోకుండా కీబోర్డుతో ఇంకొకటి. ఎక్కడ ఆగితే అక్కడ బిల్లు ఆపండి. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని చెబుతున్నాను, బిల్లు ఆగిన వారంలో మా వాళ్లు నేర్చుకునేంత త్వరగా ఏ కోచింగ్ సెంటరూ నేర్పలేదు.